గ్రౌండు చుట్టూ తిరుగుతూ గిద్దలూరు చేరాం!

మార్కాపురం అనగానే మీకేం గుర్తొస్తుంది? నలభై దాటినవాళ్ళైతే ఠక్కున ‘పలక’ అంటారు. అవునండీ, మీరు ‘అ ఆ’లు దిద్దుకున్న నల్లటి రాతిపలక, చుట్టూ చెక్క చట్రం, తడిగుడ్డతో తుడిస్తే తళతళలాడేది, అది మా ఊరి భూమిలోంచి వచ్చిందే అయ్యుంటుంది. ఇప్పుడు బడిపిల్లల చేతుల్లో రాతిపలక కనబడటం తక్కువ. అదే రాయి గోడలకీ నేలకీ అతికించే బండలై ఓడలెక్కి విదేశాలకి పోతోంది. పలక తర్వాత చెన్నకేశవస్వామి గుడి, చైత్రమాసంలో తిరునాళ్ళు. ఆ తర్వాత ఎండ! మా ఎండ గురించి చెప్పాలంటే ఇంకో వ్యాసం రాయాలి.

ఈ వ్యాసం మాత్రం పరుగు గురించి. నవ్వకండి. ఐదుగురు ఆడవాళ్ళం, అందరం నలభైకి అటూ ఇటూ (ఒకావిడకి యాభై నాలుగు), నెలకి ఇన్ని కిలోమీటర్లని లెక్క పెట్టుకుని మా పశ్చిమ ప్రకాశం అంతా ఎలా చుట్టి వస్తున్నామో చెబుతాను. అదీ చాలామటుకు ఊరు దాటకుండానే సుమండీ!

మా చెల్లెలి కూతురు హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. అక్కడ ఏటా ఆగస్టులో పెద్ద మారథాన్ జరుగుతుంది కదా. పూర్తి మారథాన్ అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్లట, వింటేనే నాకు ఆయాసం వచ్చింది. మా పిల్ల అంత పెద్దది కాదు, పది కిలోమీటర్ల పరుగులో పాల్గొంది. కిందటేడు సంక్రాంతికి వచ్చినప్పుడు వాళ్ళ గుంపు పద్ధతి చెప్పింది. ఒకటో తారీఖున ఎవరికి వాళ్ళు ఆ నెల ఎన్ని కిలోమీటర్లో ఒక అంకె చెప్పుకుంటారు. నెలాఖరున ఎంతైందో అందరి ముందూ చెప్పాలి. అంతే. “రోజూ పరిగెత్తుతా అనుకుంటే నాలుగోరోజుకి మానేస్తాం పెద్దమ్మా. నెల అనుకుంటే ఒకరోజు పోయినా మర్నాడు దొరుకుతుంది” అంది.

నాకది వెంటనే బుర్రకెక్కింది. నెల అనేది ఆడవాళ్ళకి బాగా తెలిసిన లెక్క. పాల లెక్క నెలకే, చీటీ నెలకే, గ్యాసు బండ ఎన్నాళ్ళొచ్చిందన్నదీ క్యాలెండరు మీద గీతే. ఆ క్యాలెండరులో పాలు రానినాడు సున్నా చుట్టినట్టే, పరుగుకి వెళ్ళిననాడు ఒక గీత గీస్తే పోయె!

మా ఐదుగురి సంగతి చెప్పాలి. మా వీధిలో సోషల్ టీచరు ఉంది, అందరం టీచరమ్మ అంటాం. కిరాణా కొట్టు వదిన. వీధి చివరి ఇంట్లో ఆపా. (ముస్లిం వాళ్ళు అక్కని ఆపా అంటారు, మాకూ ఆవిడ ఆపానే.) జాకెట్లు కుట్టే టైలరక్క. ఐదో మనిషిని నేను. ఏ ఇద్దరి ఒళ్ళూ ఒకలాంటివి కావు. వదినకి షుగరు, ఆపాకి బరువు, టీచరమ్మకి నిలబడి నిలబడి కాళ్ళ వాపులు. అందరం చెప్పుకున్న కారణం ఆరోగ్యమే గానీ, పొద్దున్నే ఓ గంట ఎవరూ “కాఫీ ఏదీ” అని అడగని చోట ఉండొచ్చన్న ఆశ కూడా కొంచెం ఉంది. అది పైకి ఎవరం అనుకోలేదు.

కాలేజీ గ్రౌండుని టీచరమ్మ తాడుతో కొలిచింది. చుట్టు నాలుగొందల మీటర్లు. ఐదు చుట్లైతే రెండు కిలోమీటర్లు. నెలలో పదిహేను రోజులు వెళ్ళగలిగితే ముప్ఫై. మా మొదటి నెల అంకె అదే. మిగతా పదిహేను రోజులు దేనికంటారా? చుట్టాలకి, జ్వరాలకి, నెలసరికి, నీళ్ళ ట్యాంకరు వచ్చే పొద్దుటికి! మేం ముందే వదిలేసుకున్నాం కాబట్టి ఆ రోజులు పోయాయని ఎవరికీ బెంగ లేదు. పెద్ద ఆరోగ్య సంస్థ, అదే డబ్ల్యు.హెచ్.ఓ., పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవాలనీ, పరుగైతే అందులో సగం చాలనీ 2020లో చెప్పింది. మొదట్లో మాది నడకా పరుగూ కలిసిన సంకరం, దానికి సగమే ఉండేది. ఫోన్లలో కనబడే రోజుకి పదివేల అడుగుల లెక్క మాత్రం డాక్టర్లు పెట్టింది కాదట. 1965లో జపానులో అడుగులు లెక్కపెట్టే పరికరం అమ్మేవాళ్ళు దానికి ‘పదివేల అడుగుల మీటరు’ అని పేరు పెట్టారు, ఆ పేరే నియమమై కూర్చుంది. అంటే అంకెకి మహత్యం లేదు. ఎవరి అంకె వాళ్ళకి కుదరాలి, అంతే.

ఇక మ్యాపు సంగతి. అది టీచరమ్మ ఆలోచన. “గ్రౌండు చుట్టూ గానుగెద్దులా తిరిగితే పదిరోజులకి విసుగొస్తుంది, ఎక్కడికైనా పోదాం” అంది. గోడ మ్యాపు తెచ్చి మార్కాపురం దగ్గర గుండుసూది గుచ్చింది. గుంటూరు నుంచి నంద్యాల పోయే రైలు దారి మాకు తెలిసిందే. మార్కాపురం రోడ్డు స్టేషను తర్వాత తర్లుపాడు, కంభం, గిద్దలూరు, దిగువమెట్ట, ఆ పైన నల్లమల అడవి. ఆ దారిలోనే మనం గ్రౌండులో తిరిగిన దూరమంతా వేసుకుంటూ పోదాం అంది. కంభం సుమారు ముప్ఫై కిలోమీటర్లు. అంటే ఫిబ్రవరి నెల కంభం!

మీరు నమ్మరు గానీ, ఆ గుండుసూదులు చేసిన పని ఇంకేదీ చెయ్యలేదు. రెండో వారానికి నా సూది తర్లుపాడు వచ్చింది. వదిన సూది ఇంకా మార్కాపురం శివార్లలోనే ఉంది. “నన్నొదిలి మీరు కంభం పోతారా!” అని మర్నాడు అందరికంటే ముందొచ్చి గేటు దగ్గర నిలబడింది.

రోడ్డు మీద మాటలు పడాల్సినవి పడ్డాం. “యాడికమ్మా ఇంత పొద్దున్నే, ఎవరన్నా తరుముతుండారా?” అని పాలాయన. “ఆసుపత్రికేమో పాపం” అని ఇంకొకాయన. వారం అడిగారు, రెండో వారం మానేశారు. మూడో వారం మేం కనబడకపోతే “నిన్న రాలేదేందమ్మా?” అని అడిగారు! (మాకు కర్నూలు మాట తగులుతుందని కోస్తావాళ్ళు నవ్వుతారు. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా కట్టేదాకా మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోవే మరి.)

నెలాఖరుకి నలుగురం కంభం చేరాం. వదినకి ఐదు కిలోమీటర్లు తగ్గింది. మ్యాపులో చేరాం కదా, నిజంగా కూడా చూసొద్దామని ఒక ఆదివారం పొద్దుటి రైలెక్కి ఐదుగురం కంభం చెరువుకి పోయాం. చెరువంటే చెరువా అది! గుండ్లకమ్మ నదిని రెండు కొండల మధ్య ఇరుకులో పట్టి ఆపారు. విజయనగర కాలంలో వరదరాజమ్మ అనే రాణి కట్టించిందని చెబుతారు, గజపతులు కట్టించారనే మాటా ఉంది. ఆడమనిషి కట్టించిందన్న మాటే మాకు నచ్చింది, దాన్నే ఖాయం చేసుకున్నాం. నిండితే ఏడు కిలోమీటర్ల పొడవు, మూడున్నర వెడల్పు నీళ్ళు. కట్ట ఎత్తు 57 అడుగులని ఇంగ్లీషువాళ్ళ కాలం గెజిటీరులో ఉంది. 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాల జాబితాలో దీనికి చోటిచ్చారు. ఇంత పెద్ద చెరువు కదా, కట్ట మీద ఎంచక్కా పరిగెత్తుదామని బూట్లు కట్టుకుని పోయామా... కట్ట మొదలెట్టేలోపే అయిపోయింది! రెండు కొండల సందులో బిగించిన చిన్న కట్ట అది. ఆ చిన్నది ఆ సముద్రాన్ని పట్టుకుని నిలబడింది. అటూ ఇటూ ఎన్నిసార్లు తిరిగామో, చేపలు పట్టేవాళ్ళు మమ్మల్ని చూసి నవ్వుకున్నారు. దిగువన పచ్చటి మడి. మా మార్కాపురం ఎండు చేల నుంచి వచ్చిన కళ్ళకి ఆ పచ్చదనం చలవగా తగిలింది. తీసుకుపోయిన పులిహోర, పెరుగన్నం తిని సాయంత్రానికి ఇంటికొచ్చాం.

మార్చిలో గిద్దలూరు. ఇంకో ముప్ఫై. కానీ మార్చిలో రంజాను వచ్చింది. ఆపా ఒక్కపొద్దులుంటుంది కదా, పగలు మంచినీళ్ళు కూడా ముట్టదు. “ఈ నెల నన్నొదిలెయ్యండి” అంది. అప్పుడే మాకు మొదటి పెద్ద చర్చ వచ్చింది. ఐదుగురికీ అంకె ఒకటే ఉండాలా? టీచరమ్మ ఉండాలంది, పరీక్ష అందరికీ వంద మార్కులకే కదా అని. చివరికి చీటీ పద్ధతి తెచ్చాం. ఒకటో తారీఖున ఎవరి పాట వాళ్ళు పాడుకోవాలి. ఆపా ఆ నెల పదిహేను పాడింది. సహరీ తిని, తెల్లవారి నమాజు చేసుకుని, పరుగు లేకుండా మెల్లగా నడిచి పదహారు చేసింది! నేను ముప్ఫై పాడి ఇరవై ఆరు దగ్గర ఆగాను. ఎవరు గెలిచినట్టో మీరే చెప్పండి.

రెండో చర్చ బాకీల మీద. ఈ నెల తగ్గిన కిలోమీటర్లు వచ్చే నెలలో కలపాలా వద్దా? వదిన వ్యాపారస్తురాలు, “బాకీ బాకీయే” అంది. ఫిబ్రవరి తాలూకు ఐదూ, మార్చి తాలూకు తొమ్మిదీ నెత్తినేసుకుని నెలాఖరు మూడురోజుల్లో పద్నాలుగు కిలోమీటర్లు లాగించింది. నాలుగోరోజు మోకాలు గుమ్మడికాయంత అయింది. డాక్టరుగారు రెండు వారాలు కాలు కింద పెట్టొద్దన్నారు. ఆ రోజు నుంచి మా రూలు రెండు ముక్కలు. బాకీ మరుసటి నెలకి రాదు. ఒక్కరోజులో నాలుగు కిలోమీటర్లు మించి చేస్తే ఆ మించింది రాసుకోము. మీలో ఎవరైనా ఇలాంటి లెక్క పెట్టుకునేటట్టయితే ఈ రెండూ ముందే రాసి పెట్టుకోండి. పాత బాకీ మోసేవాళ్ళు మెల్లగా రావడం మానేస్తారు. ఇది చీటీల్లో చూశాం, పరుగులోనూ చూశాం.

ఇంకో రూలు కూడా ఉండేది. అంకె తప్పినవాళ్ళు మిగతావాళ్ళకి నువ్వుల ఉండలు చేసి తేవాలని. ఆపా చేతి ఉండలు అద్భుతంగా ఉంటాయి. దాంతో ఆపా ఓడిపోవాలని మేం నలుగురం దేవుడికి దణ్ణం పెట్టుకోవడం మొదలైంది! ఆ రూలు తీసేశాం.

ఏప్రిల్, మే గురించి ఎక్కువ రాయను. మా ఎండాకాలంలో పొద్దున ఆరుకే నేల సెగలు కక్కుతుంది. నాలుగున్నరకి టార్చి లైట్లతో పోయేవాళ్ళం. పైగా పెళ్ళిళ్ళు. ఏప్రిల్ పదిహేను, మే పది. గిద్దలూరు దాటి, దిగువమెట్ట దాటి, నల్లమల మొదట్లో సూదులు ఆగాయి. ఈ అడవి దారిలో రైలెక్కినవాళ్ళకి తెలుసు, ఎంత అందంగా ఉంటుందో. వెదురు, టేకు, మలుపు తిరిగితే లోయ, తర్వాత సొరంగం. మీటరుగేజి కాలంలో దొరబావి దగ్గర లోయ మీద ఎత్తైన ఇనుప వంతెన ఉండేది, బ్రాడ్‌గేజి వచ్చాక ఆ దారి మానేశారు. సొరంగం దగ్గర ఊరి పేరే బోగద!

పరిగెత్తి వచ్చాక ఏం తింటున్నారని వంటల పేజీ చూసే మీరు అడగకుండా ఉండరు కదా. మాది మెట్ట ప్రాంతం, కొర్రలు, జొన్నలు, రాగులు ఉండనే ఉన్నాయి. నేను రాత్రే రెండు గరిటెల రాగిపిండి నీళ్ళలో కలిపి ఉంచుతాను. పొద్దున మూడు గ్లాసుల నీళ్ళు మరిగాక అది పోసి, ఉండ కట్టకుండా కలుపుతూ పచ్చివాసన పోయేదాకా ఉడికించి చల్లారబెట్టి వెళ్తాను. వచ్చాక పల్చటి మజ్జిగ, ఉప్పు, చితక్కొట్టిన చిన్న ఉల్లిపాయ వేసుకుని తాగితే పదిన్నరదాకా ఆకలి తెలియదు.

నీళ్ళ విషయం మాత్రం జాగ్రత్తగా వినండి. మా వైపు చాలా బోర్లలో ఫ్లోరైడు ఎక్కువ. తాగే నీటిలో లీటరుకి ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్ళు దొరకని చోట ఒకటిన్నరదాకా ఓర్చుకోవచ్చునని ప్రమాణం. అంతకంటే ఎక్కువున్న నీళ్ళు ఏళ్ళతరబడి తాగితే పళ్ళు గార పట్టి, ఎముకలు బిరుసెక్కి, కీళ్ళు వంగిపోతాయి. కాచి చల్లార్చి తాగితే పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు! నీరు ఆవిరై తగ్గిన కొద్దీ మిగిలిన నీళ్ళలో దాని పాలు పెరుగుతుంది. పరుగు వల్ల దాహం ఎక్కువ, ఎక్కువ నీళ్ళు తాగుతాం, కాబట్టి శుద్ధి చేసిన నీళ్ళే సీసాలో పోసుకుని వెళ్తాం.

ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. మా అత్తగారిది కనిగిరి పక్క పల్లె. పెళ్ళయి మార్కాపురం వచ్చేదాకా ఆ నీళ్ళే. తర్వాత కూడా పురుళ్ళకీ పుణ్యాలకీ నెలలతరబడి అక్కడే. ఇప్పుడు ఆవిడ మోకాళ్ళు తిన్నగా చాచలేరు. మంచం నుంచి వాకిలిదాకా రావడానికి గోడ పట్టుకుంటారు. నేను క్యాలెండరు మీద గీతలు గీస్తుంటే మొదట్లో ఆవిడకి నవ్వొచ్చింది. “నెత్తిన బిందె, చంకన బిందె పెట్టుకోని రెండు మైళ్ళు నడిచేదాన్ని. ఎవరు రాశారే నా లెక్క?” అన్నారు. నేనేం మాట్లాడలేదు. ఏం మాట్లాడతాను?

జూన్‌లో టైలరక్క ఇంట్లో పిడుగు పడింది. వాళ్ళాయన పోయాడు. ముప్ఫై ఏళ్ళు పలక రాయి కోసిన మనిషి. రాతి దుమ్ములో ఉండే సిలికా ఊపిరితిత్తుల్లోకి పోయి, అవి గట్టిపడి పుండు మానిన మచ్చల్లాగా అయిపోతాయి. సిలికోసిస్ అంటారు. వచ్చాక నయం చేసే మందు లేదు. రాయిని నీళ్ళతో తడుపుతూ కొయ్యడం, దుమ్ముని పీల్చేసే యంత్రాలు పెట్టడం, ముక్కుకి సరైన మాస్కు కట్టుకోవడం, ఇలా రాకుండా చూసుకోవడమే. ఆయన ముక్కుకి తువ్వాలు కట్టుకునేవాడు. అది ఆ సన్నటి దుమ్ముని ఆపదు. ఆఖరి రెండేళ్ళు డాబా మెట్లు ఎక్కలేకపోయాడు. మాతో పరుగుకి వచ్చిన మొదటిరోజు టైలరక్క రెండు చుట్లు తిరిగి ఆయాసపడుతూ, “ఈయనకి కూచున్నా ఇట్నే ఉంటదక్కా” అంది. అప్పుడు మాకు సరిగ్గా అర్థం కాలేదు.

పదకొండు రోజులు అయ్యాయి. పెద్దకర్మ అయింది. టైలరక్క ఇంట్లోంచి రాలేదు. పొద్దున్నే వీధిలోకి వస్తే ఎదురొచ్చిందంటారని వాళ్ళత్త భయం. ఏడాది తిరిగేదాకా గడప దాటొద్దంది. అక్క మిషను కూడా తొక్కడం లేదు, గోడకేసి కూచుంటోంది. నలుగురం గ్రౌండుకి పోయాం గానీ చుట్లు సాగలేదు. మూడోరోజు వదినే అంది, “ఆవిడ రాలేకపోతే మనమే పోదాం. వాళ్ళకి డాబా ఉందిగా.”

అలా మొదలైంది. ఐదింటికి వాళ్ళింటికి పోయి, చప్పుడు కాకుండా చెప్పులు చేత్తో పట్టుకుని డాబా ఎక్కేవాళ్ళం. చుట్టు ఇరవై ఐదు మీటర్లు. అంటే నలభై చుట్లు తిరిగితే కిలోమీటరు! ఐదుగురం ఒకేసారి తిరిగితే గుద్దుకుంటున్నాం. ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకున్నాం. లెక్క తప్పకుండా చింతగింజలు పెట్టుకుని, చుట్టుకొక గింజ డబ్బాలో వేసేవాళ్ళం. అక్క మొదటిరోజు రాలేదు, మెట్ల మీద కూచుంది. రెండోరోజు ఏడు గింజలు వేసింది. మాటల్లేవు. వారం తిరిగేసరికి రోజుకి నలభై వేస్తోంది.

వాళ్ళత్త కింద నుంచి సణిగేది. “ఇంట్లో మనిషి పోయి నెల కాలేదు, పైన ఈ గంతులేంది?” అని. ఆవిడ కోపం మాకు తప్పనిపించలేదు. పోయింది ఆవిడ కొడుకు. ఒక పొద్దున ఆవిడే మెల్లగా మెట్లెక్కి వచ్చింది. తిడుతుందేమో అనుకున్నాం. గింజల డబ్బా పక్కన కూచుంది. కోడలు చుట్టు తిరిగి వచ్చినప్పుడల్లా ఒక్కో గింజ తనే వేసింది. “ముప్పై తొమ్మిది. ఇంకోటుందమ్మే” అంది. ఆవిడ నోటినుంచి అంతకంటే ఇంకేం రాలేదు, మళ్ళీ మర్నాడు కూడా వచ్చి కూచుంది.

ఆ నెల అందరివీ కలిపినా టీచరమ్మ మార్చి లెక్కకి రెండింతలు లేదు. గుండుసూదులు బోగద సొరంగం దగ్గరే ఉండిపోయాయి. నా క్యాలెండరులో పన్నెండే గీతలు. నన్నడిగితే నేను దాచుకునే పేజీ అదే.

ఆగస్టు చివర్లో అక్క మళ్ళీ గ్రౌండుకి వచ్చింది. ఏడాది కాలేదు. ఎవరు ఒప్పించారని అడగకండి, వాళ్ళత్తే గేటుదాకా తోడొచ్చింది. వీధిలో ఇద్దరు ముగ్గురు మొహం తిప్పుకున్నారు. తిప్పుకోనివ్వండి.

మేం అడవి దాటి గాజులపల్లె మీదుగా నంద్యాల చేరాం. అక్కణ్ణుంచి మ్యాపులోనే రైలెక్కి వెనక్కొచ్చాం, ఆ దూరం లెక్కలోకి రాదు! తర్వాత దోర్నాల, ఘాటు రోడ్డు, శ్రీశైలం. మార్కాపురం నుంచి సుమారు ఎనభై కిలోమీటర్లు. కార్తీకం వెళ్ళేలోపు చేరాం. శివరాత్రికి, ఉగాదికి ఆ అడవుల్లో కాలినడకన మల్లన్న దగ్గరికి పోయేవాళ్ళు మా లెక్క వింటే ఏమంటారో! వాళ్ళు మూడు నాలుగు రోజుల్లో నడిచేది మేం మూడు నెలల్లో నడిచాం. కార్తీక సోమవారం బస్సులో త్రిపురాంతకం మాత్రం నిజంగానే వెళ్ళాం. శ్రీశైలానికి తూర్పు వాకిలి అంటారు కదా. కొండ మీద త్రిపురాంతకేశ్వరుడు, కింద చెరువులో బాలాత్రిపురసుందరి. కొండెక్కేటప్పుడు వదిన ఆగకుండా ఎక్కింది. షుగరు మందు మానలేదు గానీ, ఈసారి పరీక్షలో అంకె తగ్గిందని డాక్టరుగారు మెచ్చుకున్నారట.

మీకు మా వైపు రావాలనిపిస్తే నవంబరు నుంచి ఫిబ్రవరిలోపు రండి. వానలు బాగా పడిన ఏడైతే కంభం చెరువు నిండి ఉంటుంది. రైల్లో వచ్చేవాళ్ళు మార్కాపురం రోడ్డు స్టేషనులో దిగాలి. గిద్దలూరు వైపు పోతే నెమలిగుండ్ల రంగనాయకస్వామి కోన ఉంది, గుండ్లకమ్మ కొండల్లోంచి దూకే చోటు. పరిగెత్తే అలవాటున్నవాళ్ళు బూట్లు తెచ్చుకోండి.

ఊళ్ళో వయసు మాట ఎత్తేవాళ్ళకి టీచరమ్మ ఒక కబురు చెబుతుంది. మన్ కౌర్ అని చండీగఢ్‌లో ఒక పెద్దావిడ ఉండేది. తొంభై మూడో ఏట పరుగు మొదలుపెట్టి, 2017లో న్యూజీలాండులో జరిగిన వృద్ధుల ఆటల పోటీల్లో నూట ఒకటో ఏట వంద మీటర్ల పరుగులో బంగారు పతకం తెచ్చుకుంది. ఆవిడ 2021లో పోయింది. ఈ కబురు మా అత్తగారికి చెబితే, “ఆమె ఏ నీళ్ళు తాగి పెరిగిందో కనుక్కో” అన్నారు.

ఇప్పుడు మా సూదులు దక్షిణం తిరిగాయి. పొదిలి దాటాం. కనిగిరి మీదుగా భైరవకోన పోవాలని, అక్కడ కొండ తొలిచి చేసిన శివుడి గుళ్ళూ, జలపాతమూ చూడాలని టీచరమ్మ ప్లాను. ఆ దారిలోనే మా అత్తగారి ఊరు తగులుతుంది. ఆవిడ మోకాళ్ళ మూలాన అటు పోయి తొమ్మిదేళ్ళయింది. అప్పట్లో గీతలు చూసి నవ్విన మనిషి, ఇప్పుడు రోజూ నేను గేటు తీసేసరికి మంచం మీదనుంచే అడుగుతారు.

“ఎంత దూరం పొయ్యారే ఇయ్యాల?”

“రెండత్తా. ఇంకో పదకొండుంది మీ ఊరికి.”

“ఊళ్ళోకి పోయేముందు కుడిచేతి పక్క రాగిచెట్టు ఉంటది. ఆడ కాసేపు ఆగండి” అన్నారు నిన్న.